పట్నంలో కౌంటరు నడుస్తుంది, పల్లెలో సంచి కదలదు: తపాలా సమ్మెల వెనుక గంటల లెక్క

క్లుప్తంగా: తపాలా సమ్మె అనగానే చాలామంది జీతాల పేచీ అనుకుంటారు. గ్రామీణ డాక్ సేవకుల సమ్మెల్లో అసలు చిక్కు పని గంటల దగ్గర ఉంది. రోజుకు నాలుగైదు గంటల పనిగా లెక్కగట్టిన కొలువులోకి బ్యాంకు పని, బీమా పని, పార్శిళ్లు వచ్చి చేరాయి, లెక్క మాత్రం పాతదే. పెన్షన్, గ్రాట్యుటీ, హోదా అన్నీ ఆ లెక్కకే ముడిపడి ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు డివిజన్లలో ఇలాంటి సమ్మె పట్నానికి ఒకలా, పల్లెకు ఇంకోలా ఎందుకు తగులుతుంది, పట్నం పోస్ట్‌మ్యాన్లకు ఇప్పుడు కొత్తగా వచ్చిన అభ్యంతరం ఏమిటి అన్నది ఇక్కడ చూద్దాం.

ఒకే శాఖ, రెండు రకాల కొలువులు

గ్రామీణ డాక్ సేవకులు సమ్మెకు దిగిన రోజు తిరుపతి హెడ్ పోస్టాఫీసుకు వెళ్లినవారికి పెద్దగా తేడా కనిపించదు. స్పీడ్ పోస్టు కౌంటరు దగ్గర క్యూ ఉంటుంది, సేవింగ్స్ కౌంటర్లో పాస్‌బుక్కుల పని జరుగుతూ ఉంటుంది. అదే రోజు ఎర్రావారిపాలెం వైపు కొండ దాపు పల్లెలోనో, కుప్పం దాటాక తమిళనాడు సరిహద్దు ఊళ్లోనో బ్రాంచి పోస్టాఫీసు తలుపు తెరుచుకోదు. సమ్మె ఉందా లేదా అన్న గందరగోళం ఇక్కడి నుంచే మొదలవుతుంది. పేపర్లో ఉందంటారు, పట్నం నుంచి వచ్చినవాళ్లు లేదంటారు. ఇద్దరి మాటా నిజమే.

హెడ్ పోస్టాఫీసు, సబ్ పోస్టాఫీసుల్లో కౌంటర్లలో కూర్చునే పోస్టల్ అసిస్టెంట్లు, వీధుల్లో తిరిగే పోస్ట్‌మ్యాన్లు కేంద్ర ప్రభుత్వ రెగ్యులర్ ఉద్యోగులు. ఎనిమిది గంటల డ్యూటీ, వేతన సంఘం ప్రకారం జీతం. పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసును నడిపే బీపీఎం (బ్రాంచి పోస్టుమాస్టరు), ఆయనకు తోడుండే ఏబీపీఎం (అసిస్టెంట్ బ్రాంచి పోస్టుమాస్టరు), సబ్ ఆఫీసుల్లో సంచులు, ఉత్తరాలు చూసే డాక్ సేవక్ వీరంతా గ్రామీణ డాక్ సేవకులు. వాడుకలో జీడీఎస్ అంటారు. దేశంలో 1.64 లక్షలకు పైగా పోస్టాఫీసులుంటే, పదింటికి దాదాపు తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. వాటిని నడిపే జీడీఎస్‌ల సంఖ్య 2.5 లక్షలు దాటుతుంది. అంటే శాఖ విస్తృతి గురించి ప్రభుత్వం గొప్పగా చెప్పుకునే మాటలో ఎక్కువ భాగం ఈ పార్ట్‌టైం మనుషుల మీదే నిలబడి ఉంది.

సంచి నడిచే దారి చూస్తే సమ్మె ప్రభావం తేలిగ్గా అర్థమవుతుంది. రైల్వే మెయిల్ సర్వీసులో విడదీసిన టపా హెడ్ ఆఫీసుకు, అక్కడి నుంచి సబ్ ఆఫీసుకు చేరుతుంది. ప్రతి బ్రాంచి ఆఫీసుకూ ఒక సబ్ ఆఫీసో హెడ్ ఆఫీసో అకౌంట్ ఆఫీసుగా ఉంటుంది. అక్కడ ఊరి సంచి కట్టి పంపుతారు. జీడీఎస్ రాకపోతే సంచి అకౌంట్ ఆఫీసు దగ్గరే ఆగిపోతుంది. పట్నంలో ఒక పోస్ట్‌మ్యాన్ రాకపోతే పక్క బీటు ఆయన కొంత సర్దుకోగలడు. బ్రాంచి ఆఫీసులో ఉండేదే ఒకరో ఇద్దరో. అక్కడ సర్దుబాటు అన్న ప్రశ్నే రాదు.

జిల్లా పేరు చూసి సమ్మె ప్రభావాన్ని అంచనా వేస్తే పొరపాటు పడే వీలుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడ్డా, పాత చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ప్రాంతానికి పిన్‌కోడ్ 517తోనే మొదలవుతుంది. నెల్లూరు జిల్లా నుంచి కలిసిన సూళ్లూరుపేట వైపు ఇప్పటికీ 524. తపాలా వ్యవస్థకు దాని డివిజన్లే హద్దులు, కలెక్టరేట్ హద్దులతో దానికి పనిలేదు.

నాలుగు గంటల కొలువు ఎలా పుట్టింది

బ్రిటిష్ కాలంలో పల్లెకు పూర్తికాలపు పోస్టుమాస్టరును పెట్టేంత టపా ఉండేది కాదు. అందుకని ఊరి బడిపంతులుకో, అంగడి నడిపేవాడికో కొంత భత్యం ఇచ్చి ఆ పని అప్పజెప్పేవారు. అతనికి బతుకుదెరువు వేరే ఉంటుంది, టపా పని అదనం. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్ అన్న పేరులోనే ఆ ఆలోచన ఉంది. 2001 నిబంధనలతో పేరు గ్రామీణ డాక్ సేవక్ అయింది. ఆలోచన మాత్రం మారలేదు.

ఇప్పుడు అమల్లో ఉన్న 2020 నియమాల్లోనూ ఆ పాత ముద్ర స్పష్టంగా ఉంది. జీడీఎస్ చేత రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. తనకూ కుటుంబానికీ వేరే ఆదాయ మార్గం ఉండాలి. కేంద్ర సివిల్ సర్వీసుకు వెలుపలే ఉంటారు, రెగ్యులర్ ఉద్యోగులతో సమానమని కోరడానికి లేదు. 65 ఏళ్లు రాగానే తప్పుకోవాలి. బీపీఎం అయితే ఆఫీసుకు చోటు కూడా తానే చూపించాలి. జీతం అన్న మాట వాడరు, టైం రిలేటెడ్ కంటిన్యుటీ అలవెన్స్ అంటారు. టీఆర్‌సీఏ అని పిలిచే ఈ భత్యం పేరులోనే గంటల లెక్క ఉంది. రెగ్యులర్ ఉద్యోగిని సస్పెండ్ చేస్తారు, జీడీఎస్‌ను మాత్రం 'పుట్ ఆఫ్ డ్యూటీ'లో పెడతారు. పని ఒకటే అయినా వేరుగా నిలబెట్టడానికి శాఖ ఇంత నిఘంటువు తయారుచేసుకుంది.

కోర్టు ఒక దశలో ఈ గోడకు కొంత గండి కొట్టింది. 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లవి సివిల్ పోస్టులేనని, రాజ్యాంగంలోని 311వ అధికరణం రక్షణ వారికి వర్తిస్తుందని చెప్పింది. అంటే విచారణ లేకుండా తీసేయడానికి వీల్లేదు. అయితే సివిల్ పోస్టు వేరు, సివిల్ సర్వీసు వేరు అన్న సందు మిగిలిపోయింది. ఏడో వేతన సంఘం ఆ సందులోంచే వెళ్లింది. వీరిది సివిల్ పోస్టే అయినా రెగ్యులర్ సర్వీసుకు వెలుపల ఉన్నారు కాబట్టి సమాన హోదా కుదరదని తేల్చింది. సంఘాలు కోర్టు తీర్పును చూపిస్తాయి, శాఖ సర్వీసు నియమాలను చూపిస్తుంది. ఒకరి మాటకు ఒకరు జవాబు చెప్పుకోరు.

ఆ గంటల్లోకి వచ్చిపడిన పని

ఉత్తరాలు తగ్గాయి కాబట్టి పోస్టాఫీసులో పని తగ్గి ఉండాలని బయటివారికి అనిపిస్తుంది. కార్డులు, ఇన్‌లాండ్ కవర్ల మట్టుకు అది నిజం. వాటి చోటులోకి వచ్చినవి వేరే రకం పనులు. 2017 డిసెంబరులో మొదలైన దర్పణ్ ప్రాజెక్టుతో బ్రాంచి ఆఫీసులకు చేతి మెషీన్లు వచ్చాయి. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలైంది. దాంతో బీపీఎం, ఏబీపీఎం వేలిముద్రతో డబ్బులిచ్చే బ్యాంకు మనుషులయ్యారు. ఆర్డీలు (నెలనెలా కొంత కట్టే పొదుపు ఖాతాలు), సుకన్య సమృద్ధి ఖాతాలు, 1995 నుంచి ఉన్న గ్రామీణ తపాలా జీవిత బీమా పాలసీలు వీటికి తోడు. 2025లో శాఖ సొంతంగా తయారుచేసుకున్న కొత్త సాఫ్ట్‌వేర్‌కు దేశమంతా మారింది, ఓటీపీ అడిగి ఇచ్చే డెలివరీ దాంతోపాటే వచ్చింది. అదే ఏడాది రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు.

పని పెరగడం ఒక సంగతి, దాని తీరు మారడం ఇంకో సంగతి. ఉత్తరాల సంచికి మొదలూ చివరా ఉండేవి. వచ్చినవి పంచితే ఆ రోజు పని అయిపోయినట్టే. బీమా పాలసీలు, కొత్త ఖాతాలు టార్గెట్ల మీద నడిచేవి, వాటికి చివర లేదు. సాయంత్రం పొలం నుంచి రైతు ఇంటికొచ్చాకే ఆర్డీ గురించి మాట్లాడటం కుదురుతుంది. మేళా పెడితే ఆదివారమూ వెళ్లాలి. సిగ్నల్ అందని కొండ పల్లెల్లో మెషీన్‌లో లావాదేవీ పూర్తి కావడానికి పట్టే సమయం ఏ లెక్కలోనూ రాదు. శాఖ రికార్డులో అది నాలుగు గంటల ఆఫీసు, ఊరి దృష్టిలో రోజంతా తలుపు తట్టే ఆఫీసు. టార్గెట్ల టెన్షన్ తగ్గించాలన్న డిమాండు ఎనిమిది గంటల డిమాండు పక్కనే ఎప్పుడూ కనిపించడానికి కారణం ఇదే. రెండూ ఒకే సమస్యకు రెండు ముఖాలు.

2018, 2023: ఏం అడిగారు, ఏం వచ్చింది

జీడీఎస్‌లు వేతన సంఘం పరిధిలోకి రారు కాబట్టి వారికోసం ప్రతిసారీ వేరే కమిటీ వేస్తారు. కమలేశ్ చంద్ర కమిటీని 2015 నవంబరులో వేశారు, 2016 నవంబరులో అది నివేదిక ఇచ్చింది. రెగ్యులర్ ఉద్యోగులకు అప్పటికే ఏడో వేతన సంఘం జీతాలు అందుతున్నాయి. జీడీఎస్ నివేదిక మాత్రం ఏడాదిన్నర పాటు కదల్లేదు. 2018 మే 22న నిరవధిక సమ్మె మొదలైంది. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం సిఫార్సులను ఆమోదించింది, జులై 1 నుంచి కొత్త భత్యాలు అమల్లోకి వచ్చాయి. బీపీఎంకు నాలుగు గంటలకు 12,000, ఐదు గంటలకు 14,500 రూపాయలు. ఏబీపీఎం, డాక్ సేవక్‌కు 10,000, 12,000. దీనిపై కేంద్ర ఉద్యోగుల రేటులోనే కరువు భత్యం, ఏటా 3 శాతం ఇంక్రిమెంటు.

అంతకుముందుతో పోలిస్తే అది పెద్ద పెంపే. కానీ నాలుగు, ఐదు గంటల చట్రాన్ని అది ఇంకా గట్టిగా బిగించింది. 2023 డిసెంబరు 12న మళ్లీ నిరవధిక సమ్మెకు దిగినప్పుడు డిమాండ్లన్నీ ఆ చట్రం చుట్టూ ఉన్నాయి: ఎనిమిది గంటల పని, దానికి తగ్గ పెన్షన్, 1.5 లక్షల దగ్గర ఆగిన గ్రాట్యుటీని 5 లక్షలకు పెంచడం, వైద్య సదుపాయం, 12, 24, 36 ఏళ్ల సర్వీసుకు సీనియారిటీ ఇంక్రిమెంట్లు.

చివరిదానికి జవాబు త్వరగానే వచ్చింది. 2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం 12 ఏళ్లకు ఏడాదికి 4,320, 24 ఏళ్లకు 5,520, 36 ఏళ్లకు 7,200 రూపాయలు అదనంగా ఇస్తారు. నెలకు పంచి చూస్తే 360, 460, 600 రూపాయలు. 36 ఏళ్లు పనిచేసిన మనిషికి మూడో మెట్టు మీద దక్కే పెంపు నెలకు ఆరు వందలు. గంటల ప్రశ్నను ఈ పథకం ముట్టుకోలేదు.

శాఖ ఎందుకు దిగిరాదు

శాఖ వైపు నుంచి చూస్తే ఇబ్బంది తేలిగ్గానే కనిపిస్తుంది. తపాలా శాఖ ఆదాయం కంటే ఖర్చు చాలా ఎక్కువ. ఆ ఖర్చులో సింహభాగం జీతాలు, పెన్షన్లే. రెండున్నర లక్షల మందికి ఎనిమిది గంటల హోదా ఇస్తే జీతంతో ఆగదు, దాని వెనుకే పెన్షన్, సెలవులు, వైద్యం వస్తాయి. చాలా బ్రాంచి ఆఫీసుల్లో ఉత్తరాలు, లావాదేవీలను లెక్కపెడితే ఎనిమిది గంటల పని లేదన్నది అధికారుల వాదన. కొన్ని ఊళ్ల మట్టుకు అది నిజం కూడా. పలమనేరు పక్కన పెద్ద పంచాయతీలోని బ్రాంచి ఆఫీసుకూ, అడవి అంచున ఉన్న చిన్న ఊరి ఆఫీసుకూ పని భారం ఒకటి కాదు.

అయితే ఈ వాదనలో ఒక పగులు ఉంది. ఆఫీసు ఆదాయం, లావాదేవీల సంఖ్యతో పనిని కొలిస్తే, తిరిగిన దూరం, ఎదురుచూసిన సమయం, ఒప్పించడానికి మూడుసార్లు వెళ్లిన ఇల్లు లెక్కలోకి రావు. పని కొలిచే పద్ధతి మారకుండా గంటల వివాదం తేలదు. కమిటీల్లో ఎక్కువ చర్చ భత్యం మీద జరిగి, కొలత మీద తక్కువ జరగడం ఇన్నేళ్ల లోపం.

పట్నంలో కొత్త పేచీ: డెలివరీ సెంటర్లు

ఇన్నాళ్లూ గంటల గొడవ పల్లెదే. 2025 నుంచి శాఖ తెస్తున్న ఇండిపెండెంట్ డెలివరీ సెంటర్లతో అది పట్నానికీ వచ్చింది. ఇప్పటిదాకా ఒక్కో డెలివరీ పోస్టాఫీసు నుంచి దాని పోస్ట్‌మ్యాన్లు బయల్దేరేవారు. కొత్త పద్ధతిలో కొన్ని ఆఫీసుల డెలివరీ సిబ్బందిని ఒకచోట చేర్చి, అక్కడి నుంచే ఉత్తరాలూ పార్శిళ్లూ పంచుతారు. పార్శిళ్లను ఒకేచోట విడదీసి బండ్లలో త్వరగా పంపవచ్చన్నది శాఖ ఆలోచన. ప్రైవేటు కొరియర్లతో పోటీ పడాలంటే ఇది తప్పదంటోంది.

పోస్ట్‌మ్యాన్ వైపు లెక్క వేరుగా ఉంది. ఆఫీసు నుంచి నడిచి చేరుకునే బీటుకు ఇప్పుడు సెంటర్ నుంచి బైకు మీద వెళ్లాలి. పెట్రోలు ఎవరిది, రాకపోకల సమయం డ్యూటీలోకి వస్తుందా, సాయంత్రం, సెలవు రోజు డెలివరీకి ఏమిస్తారు అన్నవి వారి ప్రశ్నలు. తిరుపతి లాంటి ఊరికి ఈ మార్పు ఎక్కువగా తగులుతుంది. యాత్రికుల లాడ్జీలు, హాస్టళ్లు, యూనివర్సిటీలు, రోజురోజుకూ పెరిగే అపార్ట్‌మెంట్లు ఉన్నచోట చిరునామా కంటే పోస్ట్‌మ్యాన్ జ్ఞాపకమే ఎక్కువ పనిచేస్తుంది. బీట్లను తిరగరాస్తే ఆ జ్ఞాపకం కొన్నాళ్లు పనికిరాదు. వచ్చే ఫిర్యాదులు మాత్రం ఆయన పేరు మీదే ఉంటాయి.

వెనుక చట్టం కూడా మారింది. 1898 నాటి తపాలా చట్టం స్థానంలో వచ్చిన 2023 చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. ఉత్తరాలు చేరవేసే ప్రత్యేక హక్కు ప్రభుత్వానిదేనన్న పాత నిబంధన అందులో లేదు. శాఖ మార్కెట్ పోటీ భాషలో మాట్లాడటం, సంఘాలు ప్రైవేటీకరణ భయం వ్యక్తం చేయడం రెండూ ఈ మార్పు తర్వాత మరింత పెరిగాయి.

సమ్మె హక్కు ఎంతవరకు

తపాలా సమ్మెలకు పెద్ద చరిత్రే ఉంది. 1946 జులైలో పోస్ట్‌మ్యాన్లు, కిందిస్థాయి సిబ్బంది మొదలుపెట్టిన సమ్మె దేశమంతా పాకింది. 1960 జులైలో కేంద్ర ఉద్యోగులంతా ఐదు రోజులు సమ్మె చేశారు, ప్రభుత్వం అత్యవసర సేవల ఆర్డినెన్సుతో ఎదుర్కొంది. చట్టం మాత్రం ఉద్యోగుల వైపు లేదు. ప్రవర్తనా నియమాలు సమ్మెను నిషేధిస్తాయి. 2003లో రంగరాజన్ కేసులో, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆచరణలో మామూలుగా పడే శిక్ష పని లేని రోజులకు జీతం కోత. ఒక్కోసారి ఆ రోజులను సర్వీసులో లెక్కించరు, దాన్ని 'డైస్ నాన్' అంటారు. 2023 ఏప్రిల్‌లో, సంఘం నిధుల వాడకంలో నిబంధనలు ఉల్లంఘించారంటూ శాఖ ఒక పెద్ద సమాఖ్య గుర్తింపును రద్దు చేయడం పెద్ద వివాదమైంది. నెలకు పదిపన్నెండు వేల భత్యం మీద బతికేవారికి నిరవధిక సమ్మె అంటే ఎంత బరువో ఇక్కడే తెలుస్తుంది.

చిత్తూరు పల్లెకు తగిలేది, తగలనిది

తెలంగాణలో పల్లెల సామాజిక పెన్షన్లు పోస్టాఫీసుల ద్వారా పంచుతారు. అక్కడ జీడీఎస్ సమ్మె పెన్షన్లు పంచే రోజుల్లో వస్తే ముసలివాళ్లకు వెంటనే తగులుతుంది, రాజకీయంగానూ వేడి పుడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పెన్షన్‌ను సచివాలయ సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తారు. కాబట్టి చిత్తూరు జిల్లాలో పోస్టాఫీసు పది రోజులు మూతపడినా పింఛను ఆగదు. సమ్మె చేసేవారికి ఇది బలహీనత కూడా. నొప్పి తెలియనిచోట ఒత్తిడీ తక్కువే.

తగిలేవి వేరే ఉన్నాయి. చెక్కు బౌన్స్ కేసులో బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది అందిన 15 రోజుల్లో అవతలివారు డబ్బు కట్టాలి. పంపినవారికి బుకింగ్ రసీదు ఉంటుంది, పట్నంలో కౌంటరు నడుస్తుంది కాబట్టి. అందుకోవాల్సిన పల్లెటూరి మనిషికి మాత్రం నోటీసు అకౌంట్ ఆఫీసులో పడి ఉంటుంది. బంగారు లోను వేలం నోటీసుదీ ఇదే పరిస్థితి. ఇలాంటివి రావాల్సి ఉన్నవారు సమ్మె రోజుల్లో తమ ఊరి అకౌంట్ ఆఫీసు ఏదో తెలుసుకుని అడగడం మంచిది. ఆర్డీ కట్టేవారికి గడువు, నెల 15 లోపు తెరిచిన ఖాతాకు 15వ తేదీ, తర్వాత తెరిచినదానికి నెలాఖరు. తప్పితే ప్రతి నూరు రూపాయలకు నెలకు ఒక రూపాయి రుసుము. సబ్ ఆఫీసుకు వెళ్లి కానీ, పేమెంట్స్ బ్యాంకు యాప్‌లో కానీ కట్టే వీలుంది.

బయటి దేశాల్లోనూ ఇదే గడియారం

2022లో బ్రిటన్ రాయల్ మెయిల్ కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. జీతంతో పాటు ఆదివారం పని, ఆలస్యంగా మొదలయ్యే షిఫ్టులు అక్కడ గొడవకు కారణం. కెనడాలో 2024 నవంబరు 15 నుంచి దాదాపు 55 వేల మంది నెలకు పైగా పని ఆపారు. శని, ఆదివారాల డెలివరీకి పార్ట్‌టైం సిబ్బందిని పెట్టడం అక్కడి ప్రధాన పేచీ. ఉత్తరాన్ని పొద్దున పంచితే సరిపోయేది, పార్శిల్‌కు మనిషి ఇంట్లో ఉండే సాయంత్రం, సెలవు రోజు కావాలి. ఆ వేళలకు ఎవరిని, ఏ షరతుల మీద పనిచేయించాలన్నదే అన్నిచోట్లా తగాదా. తేడా ఏమిటంటే కెనడాలో రాబోయే పార్ట్‌టైం గురించి పోట్లాడారు. మన పల్లెల్లో ఆ పార్ట్‌టైం శతాబ్దానికి పైగా నడుస్తోంది, దాన్ని పూర్తికాలం చేయమని అడుగుతున్నారు.

ఇక ముందు

ఎనిమిదో వేతన సంఘం 2025 నవంబరులో జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన ఏర్పడింది, నివేదికకు 18 నెలల గడువు. జీడీఎస్‌లు దాని పరిధిలో లేరు. 2016, 2018 మధ్య జరిగినది చూస్తే, రెగ్యులర్ ఉద్యోగుల జీతాలు పెరిగి జీడీఎస్ నివేదిక అరలో ఉండిపోయిన కాలంలోనే సమ్మె పుట్టింది. ఈసారీ ఆ ఎడం ఎంత పెరిగితే సమ్మె నోటీసుకు అంత అవకాశం ఉంటుంది.

జీడీఎస్‌ల కోసం వేసే కమిటీకి ఎవరు నాయకత్వం వహిస్తారన్నది కూడా చిన్న విషయం కాదు. 1990ల్లో వేసిన తల్వార్ కమిటీకి విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షుడు. కమలేశ్ చంద్ర తపాలా సర్వీసుల బోర్డులో సభ్యుడిగా చేసి రిటైరైన అధికారి. న్యాయమూర్తినే వేయాలని సంఘాలు పట్టుబట్టడం వెనుక ఈ అనుభవం ఉంది. శాఖ మనిషి భత్యం ఎంత ఉండాలన్న ప్రశ్నతో మొదలుపెడతారని, బయటి మనిషి అయితే ఎన్ని గంటలు పనిచేస్తున్నారన్న ప్రశ్నతో మొదలుపెట్టవచ్చని వారి ఆశ.